మెదడులో నరం చిట్లిన మనిషికి నెమ్ము చేరకుండా చూసుకోవడం ఎలా

మెదడులో నరం చిట్లి ఆసుపత్రిలో చేరిన మనిషి గురించి చుట్టాలంతా అడిగేది ఒక్కటే, తలలో గడ్డ కరిగిందా లేదా అని. వారం తిరక్కుండానే డాక్టరు గారు బయటికి వచ్చి "తలలో పరవాలేదండి, ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది" అంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. దెబ్బ తలకైతే ఛాతీకి ఎందుకొచ్చింది, ఏసీ గదిలో పడుకోబెట్టారు కాబట్టే అని ఒకరు, ఫ్యాను కింద పెట్టారని ఇంకొకరు తేల్చేస్తారు. ఫ్యానుకీ దీనికీ సంబంధం లేదు. తలలో రక్తస్రావాన్ని చూసుకోవడం డాక్టర్ల పని, అందులో మనం చేయగలిగింది తక్కువ, కానీ ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి పక్కన కూర్చున్న మనిషి చేతిలో చాలా ఉంది. ఇది ఆ పక్కన కూర్చునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఈ నెమ్ము, అంటే న్యుమోనియా, అసలు ఎందుకొస్తుందో రెండు ముక్కలు. మింగడం, దగ్గడం రెండూ మెదడు చేయించే పనులే. మెదడు దెబ్బతింటే ఉమ్మి, నీళ్లు, తిండి అన్నవాహికలోకి పోవాల్సింది గాలి గొట్టంలోకి జారతాయి, దగ్గి బయటికి తోసే శక్తీ ఉండదు. దానికితోడు ఇలాంటి పెద్ద దెబ్బ తగిలిన కొన్ని రోజులు ఒంట్లో రోగనిరోధక శక్తి కూడా మందగిస్తుంది. వెల్లకిలా కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల కింది భాగం సరిగ్గా తెరుచుకోదు, కఫం అక్కడే నిలిచిపోతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఒక్కోసారి అది ఊపిరితిత్తుల్లోకి కొట్టుకొస్తుంది. వెంటిలేటర్ పెడితే ఆ గొట్టం వెంట క్రిములు దిగే ప్రమాదం మరొకటి. వీటిలో మనవాళ్లని ఎక్కువగా పట్టుకునేది మొదటిదే, నోటి నుంచి జారేది.

1. పడిపోయిన వెంటనే

మనిషి కూలబడి మాట తడబడుతోందంటే మన ఇళ్లలో ముందు జరిగేది గ్లాసుతో మంచినీళ్లు తాగించడం. తర్వాత ఎవరో బీపీ మాత్ర నోట్లో వేస్తారు, పెద్దావిడ ఎవరైనా ఉంటే తులసి తీర్థం పోస్తుంది. మూడూ వద్దు. చుక్క కూడా వద్దు. గాలి గొట్టం మీద పడాల్సిన మూత సమయానికి పడట్లేదు, కాలవ మీద తూము తలుపు సగంలో ఇరుక్కుంటే నీళ్లు ఏ బోదెలోకి పోతాయో చెప్పలేం కదా, అదీ పరిస్థితి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర అసలు వేయకండి, నరం చిట్లిందా, నరంలో రక్తం గడ్డకట్టిందా అన్నది సీటీ స్కాన్ తీశాకే తెలుస్తుంది.

మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తలలో రక్తస్రావం అయినవాళ్లకి వాంతులు ఎక్కువ, వెల్లకిలా ఉంటే ఆ వాంతి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కట్టుడు పళ్లు ఉంటే తీసేయండి. ఎన్ని గంటలకు మొదలైందో గోడ మీదైనా రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. ఆటోలో ఇద్దరి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, దారిలో సోడా తాగిస్తూ తీసుకెళ్లడం నేను చూశాను, అది ఎంత ప్రమాదమో ఆ ఆటోలో ఎవరికీ తెలియదు.

ఎక్కడికి వెళ్లాలన్నది ముందే అనుకుని ఉంచుకోండి. సీటీ స్కాన్, ఐసీయూ, న్యూరోసర్జన్ మూడూ ఒకే చోట ఉండాలి. అమలాపురం చుట్టుపక్కల వాళ్లు ఎదుర్లంక వంతెన దాటి కాకినాడకో, రావులపాలెం మీదుగా రాజమండ్రికో వెళ్తారు, పశ్చిమం వైపు వాళ్లు భీమవరం, ఏలూరు, లేదంటే విజయవాడ. బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడూ ఉన్నాయా, బెడ్ ఉందా అని అడగండి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరిగే ప్రతిసారీ దారిలో వాంతి ప్రమాదం మళ్లీ ఉంటుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించే చోటైతే కౌంటర్ దగ్గర ఆ పథకం సహాయకుణ్ణి కలవండి, కాగితాల పని ఆయన చెప్తారు.

2. మొదటి రెండు రోజులు, ఐసీయూ బయట

కొందరిలో, ముఖ్యంగా మెదడు పొరల కింద రక్తం చేరే రకంలో, అంటే డాక్టర్లు ఎస్‌ఏహెచ్ అని రాసేదాంట్లో, నరం చిట్లిన నిమిషాల్లోనో గంటల్లోనో ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోతుంది. తలలో ఒత్తిడి ఒక్కసారిగా పెరగడంతో ఒంట్లోకి అడ్రినలిన్ లాంటివి విపరీతంగా విడుదలై రక్తనాళాల మీద, గుండె మీద పడే దెబ్బ అది. ఆయాసం, లేత గులాబీ రంగు నురగ, ఆక్సిజన్ పడిపోవడం కనిపిస్తాయి. ఇందులో ఇంటివాళ్ల తప్పు ఏమీ లేదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్ సాయంతో చూసుకుంటారు, చాలామందిలో రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. "నిన్నటి దాకా ఆయాసమే లేని మనిషి, ఊపిరితిత్తులు పాడు చేశారు" అని డ్యూటీ డాక్టరు మీద గొడవకి దిగే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

డాక్టర్ని అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎక్స్‌రే ఎలా ఉంది, ఆక్సిజన్ ఎంత పెడుతున్నారు, తల ఎత్తి పడుకోబెట్టొచ్చా, మింగే పరీక్ష ఎప్పుడు చేస్తారు, కాళ్లలో గడ్డకట్టకుండా ఏం చేస్తున్నారు. ఐదు ప్రశ్నలు, అంతే. "బతుకుతాడాండీ" అని పదిసార్లు అడగడం కంటే ఇవి అడిగితే మీకే పనికొస్తుంది.

ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టమని కొందరు పట్టుపడతారు. స్ట్రోక్, అంటే మెదడులో నరం చిట్లడమో మూసుకుపోవడమో, వచ్చినవాళ్లకి అలా ముందే ఇచ్చి చూసిన రెండు పెద్ద అధ్యయనాలు 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, నెమ్ము రావడం ఏమీ తగ్గలేదు. నెమ్ము వచ్చినట్టు తేలితే ఆలస్యం చేయకూడదు, రాకముందే ఇంజెక్షన్ల కోసం ఒత్తిడి చేయకూడదు.

3. మింగే పరీక్ష అయ్యేదాకా నోరు తాళం

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను. స్ట్రోక్ వచ్చిన కొత్తలో సగం మందికి దగ్గరగా, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువ మందికే, మింగడంలో ఇబ్బంది ఉంటుంది. స్పృహ వచ్చి, మిమ్మల్ని గుర్తుపట్టి, "దాహం" అని నోరు తెరిచి అడిగినా సరే మింగగలరని దాని అర్థం కాదు. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే రారు మరి, కొబ్బరి బోండాలు, బత్తాయి రసం, పాలు పట్టుకొస్తారు. "రెండు చుక్కలేనండి, నోరెండిపోతోందండి పాపం" అంటారు. మీరు తలుపు దగ్గరే ఆపాలి. మొహమాటపడితే కుదరదు. మంచం తలవైపు "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని పెద్దక్షరాలతో రాసి అంటించమని సిస్టర్‌ని అడగండి, మేనత్త మాట కాదన్నారనే నింద మీ మీద కాకుండా ఆ కాగితం మీద పడుతుంది.

చాలామంది అనుకునేదానికి ఇక్కడ తిరగబడి ఉంటుంది. అన్నం ముద్ద ప్రమాదం, నీళ్లు తేలిక అనుకుంటాం. నీళ్లు, కాఫీ, మజ్జిగ, కొబ్బరి నీళ్లు లాంటి పల్చనివే వేగంగా జారి గాలి గొట్టంలోకి పోతాయి. పైగా పొలమారితే దగ్గు వస్తుంది కదా, తెలిసిపోతుంది కదా అనుకోకండి, చాలామందిలో దగ్గు రాకుండానే చడీచప్పుడు లేకుండా లోపలికి పోతుంది. పొలమారిందంటే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఇంకో గుక్క పట్టించే అలవాటు ఈ మనిషి దగ్గర పనికిరాదు, ఆ గుక్కతోనే ఆపేయాలి.

పరీక్ష పెద్దదేం కాదు. మనిషి మెలకువగా, కూర్చోగలిగే స్థితిలో ఉన్నప్పుడు కొద్దికొద్దిగా నీళ్లు ఇచ్చి, మింగుతున్నారా, దగ్గుతున్నారా, తర్వాత గొంతు తడిగా గరగరలాడుతోందా అని చూస్తారు. స్పీచ్ థెరపిస్ట్ ఉంటే మంచిది, మన డెల్టా టౌన్లలో చాలా ఆసుపత్రుల్లో ఉండరు, అప్పుడు శిక్షణ ఉన్న డాక్టరో సిస్టరో చేయాలి. మీరు సొంతంగా ఇంట్లో చేసి చూడకండి. మొదటిసారి ఫెయిలైతే కొన్ని రోజుల తర్వాత మళ్లీ చేయమని అడగండి, చాలామందికి కొద్ది వారాల్లో మింగడం తిరిగి వస్తుంది.

పాసయ్యాక కూడా ఒక్కసారిగా పప్పన్నం పెట్టేయకండి. చిక్కటి రాగి జావ, మెత్తగా మెదిపిన పెరుగన్నం, ఇడ్లీ పప్పు కట్టులో నానబెట్టి, ఇలా డాక్టరు ఏ చిక్కదనం చెప్తే ఆ చిక్కదనం. పూర్తిగా నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక చెంచా మింగాకే ఇంకోటి. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో ముద్ద ఉండిపోతుంది, ప్రతిసారీ నోరు తెరిపించి చూడండి. టీవీ కట్టేయండి, మాట్లాడించకండి. ముళ్ల చేపలు, పూతరేకులు, అటుకులు, కొబ్బరి ముక్క లాంటి పొడిపొడిగా రాలేవీ నమలాల్సినవీ చాలా రోజులు వద్దు. ఆత్రేయపురం నుంచి వచ్చిన డబ్బా మీరు తినేయండి.

మాత్రల సంగతి మర్చిపోతారు. ఎస్‌ఏహెచ్ పేషెంట్లకి నిమోడిపిన్ అనే మందు సాధారణంగా నాలుగు గంటలకోసారి 21 రోజులు ఇస్తారు, అంటే అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా. మగత నిద్రలో ఉన్న మనిషిని లేపి మాత్ర నోట్లో వేసి నీళ్లు పోయడం సరిగ్గా నెమ్ము తెచ్చుకునే పద్ధతి. ముక్కు గొట్టం ద్వారా ఇవ్వాలా, ఎలా ఇవ్వాలో సిస్టర్ చెప్పినట్టే చేయండి. అన్ని మాత్రలూ నూరకూడదు కూడా, నెమ్మదిగా విడుదలయ్యే రకాలు నూరితే మందు మొత్తం ఒకేసారి ఒంట్లోకి పోతుంది.

4. ముక్కు గొట్టంతో తిండి

రైల్స్ ట్యూబ్ పెట్టారంటే గండం గడిచినట్టు కాదు. పొట్టలోంచి తిరిగి పైకి వచ్చినదీ, నోట్లో ఊరే ఉమ్మీ ఇంకా కిందికి జారొచ్చు. పెట్టిన మొదటిసారి చివర పొట్టలోనే ఉందని ఎక్స్‌రేతో చూడాలి, గాలి కొట్టి పొట్ట మీద గుడగుడ వినడం ఒక్కటే నమ్మదగ్గది కాదు. ముక్కు అంచు దగ్గర గొట్టం మీద గుర్తు ఉంటుంది, ప్రతిసారీ పోసే ముందు ఆ గుర్తు కదిలిందేమో చూడండి.

మంచం తలవైపు కనీసం 30 డిగ్రీలు, వీలైతే 45 ఎత్తి ఉంచాలి, పోశాక అరగంట నుంచి గంట దాకా అలాగే ఉంచాలి. దిండ్లు పేర్చితే మెడ ముందుకు వంగి నడుము జారిపోతుంది, మంచం వెన్నే లేవాలి. సిరంజిని పైకి పట్టుకుని దానంతట అది దిగేలా పోయాలి, పిస్టన్‌తో నెట్టకండి. ఒక్కో విడతకి ఎంత అన్నది డైటీషియన్ రాసిస్తారు, మామూలుగా 200 నుంచి 250 మిల్లీలీటర్లు, అంతకంటే ఎక్కువ పోస్తే త్వరగా కోలుకుంటారని ఏమీ లేదు, వాంతి చేసుకుంటారు అంతే. చివర్లో కాసిని నీళ్లతో గొట్టం కడగాలి. మధ్యలో దగ్గు, ఆయాసం, రంగు మారడం కనిపిస్తే వెంటనే ఆపండి.

రాత్రి మత్తులో గొట్టం పీకేసుకోవడం మామూలే. మళ్లీ మీరు తోయకండి, ఆ పూటకి తిండి ఆగినా కొంప మునగదు. నాలుగు వారాలు దాటినా మింగడం రాకపోతే పొట్టకి నేరుగా పెట్టే పెగ్ గొట్టం గురించి డాక్టరే అడుగుతారు. పొట్ట కోస్తారని భయపడి నెలల తరబడి ముక్కు గొట్టంతో లాగేవాళ్లు ఉన్నారు, నా దృష్టిలో అది అనవసరపు అవస్థ.

5. నోరు కడగడం

నోటి ద్వారా తినట్లేదు కదా, పళ్లెందుకు తోమడం అనుకుంటారు. తినని నోట్లోనే క్రిములు ఎక్కువ పెరుగుతాయి, ఆ ఉమ్మే లోపలికి జారి నెమ్ము అవుతుంది. పూటకోసారి, రోజుకి కనీసం రెండుసార్లు మెత్తటి బ్రష్షుతో పళ్లు, నాలుక, బుగ్గల లోపల తోమాలి. తల పక్కకి తిప్పి, తక్కువ పేస్టు, పుక్కిలించడం లేదు, ఊరిన నీళ్లు సక్షన్, అంటే పీల్చే మెషిన్‌తోనో గాజు గుడ్డతోనో తీసేయాలి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉన్నది ఇంకోటి నాకు కనిపించలేదు.

6. తిప్పడం, కఫం తీయడం

రెండు గంటలకోసారి పక్క మార్చాలి, ఇది పుండ్ల కోసమే అనుకుంటారు కానీ ఊపిరితిత్తులకీ అంతే అవసరం. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేయకండి. ఫిజియోథెరపిస్ట్ వచ్చి చెయ్యి దోసిలిలా చేసి వీపు మీద తడతారు, మనిషి మాట వినే స్థితిలో ఉంటే లోతుగా ఊపిరి తీయిస్తారు, మూడు బంతుల పరికరం ఊదమని కాకుండా లోపలికి పీల్చమని ఇస్తారు, మనవాళ్లలో సగం మంది ఊదుతూనే ఉంటారు. మొదటి రోజుల్లో తలలో ఒత్తిడి ఉన్నప్పుడు తట్టడం, గట్టిగా దగ్గించడం డాక్టరు ఒప్పుకుంటేనే. తల కిందికి, కాళ్లు పైకి పెట్టే పద్ధతి అసలు వద్దు.

నిద్ర పట్టట్లేదని ఇంట్లో ఉన్న నిద్రమాత్ర ఇవ్వకండి, దగ్గే శక్తి ఇంకా పడిపోతుంది. ముక్కులో పసరు పోయించడానికో నూనె చుక్కలు వేయించడానికో ఎవరైనా తీసుకెళ్దామంటే గట్టిగా కాదనండి, ఆ పసరు, ఆ నూనె నేరుగా వెళ్లేది ఊపిరితిత్తుల్లోకే.

7. కాళ్లు

ఒక కాలు పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే వెంటనే చెప్పండి, మర్దన మాత్రం చేయకండి, గడ్డ కదిలితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండెదడ, స్పృహ తప్పడం ఆ గడ్డ పైకి చేరిందనడానికి గుర్తులు. గాలితో ఉబ్బుతూ తగ్గుతూ కాళ్లని నొక్కే తొడుగులు పెడతారు, అవి పనిచేస్తాయి. బిగుతు సాక్సులు స్ట్రోక్ పేషెంట్లకి ఉపయోగపడలేదని, పైగా చర్మం దెబ్బతింటుందని తేలింది, మెడికల్ షాపులో కొని తొడిగేయకండి. తలలో రక్తస్రావం ఆగిందని స్కాన్‌లో చూసుకున్నాక కొద్ది డోసు హెపారిన్ మొదలుపెడతారు. నరం చిట్లిన మనిషికి రక్తం పలచబరిచే మందేంటని కంగారు పడకండి, లెక్క చూసుకునే ఇస్తారు.

8. మెడ దగ్గర రంధ్రం పెడతామంటే

వెంటిలేటర్ మీద వారం, పది రోజులు దాటుతోందంటే ట్రెకియాస్టమీ మాట వస్తుంది. చాలా కుటుంబాలు ఇక ఆశ లేదనుకుని ఏడుస్తాయి. నిజానికి నోట్లో గొట్టం కంటే ఇది మనిషికి సుఖం, మత్తు మందులు తగ్గించొచ్చు, కఫం తీయడం తేలిక, అవసరం తీరాక తీసేస్తారు. ఇంటికి పంపే ముందు సక్షన్ చేయడం మీ చేత చేయించి చూపించమనండి: చేతులు కడుక్కుని, గొట్టం లోపలికి పెట్టేటప్పుడు పీల్చకుండా, బయటికి లాగేటప్పుడు మాత్రమే పీలుస్తూ, 10 నుంచి 15 సెకన్లలో ముగించాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి. అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి మంచం పక్కనే ఉండాలి.

9. ఇంటికి తెచ్చే ముందు

కరెంటు ఆలోచించండి. సక్షన్ మెషిన్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ రెండూ కరెంటు మీదే నడుస్తాయి. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో కోనసీమలో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఇన్వర్టరు ఆ బరువు లాగుతుందో లేదో ముందే చూపించుకోండి, ఒక ఆక్సిజన్ సిలిండరు, కాలితో తొక్కే సక్షన్ పంపు ఉంచుకోండి. లంక ఊళ్లయితే జులై నుంచి సెప్టెంబరు దాకా వరద లెక్క వేసుకోవాలి. 2022 జులైలో వచ్చిన వరదకి కాజ్‌వేలు మునిగి పడవలే దిక్కయ్యాయి, సక్షన్ మీద ఉన్న మనిషిని పడవలో దాటించడం మాటలు కాదు. ఆ నెలల్లో ఏటి గట్టు ఇవతల అత్తారింట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉంచండి, ఎవరూ కాదనరు.

ఇంట్లో పొగ ఉండకూడదు. మావయ్యగారి చుట్ట వీధి అరుగు మీద కూడా కాదు, వీధి చివరకి. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చక్రం గదిలో వద్దు, దోమతెర కట్టండి. దాళ్వా కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టే సాయంత్రాలు కిటికీలు మూసేయండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మొదటి చెకప్‌లోనే అడగండి.

10. ఎప్పుడు పరిగెత్తాలి

పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్ కొని, పొద్దున సాయంత్రం చూసి నోట్ పుస్తకంలో రాయండి. జ్వరం 100.4 దాటడం, నిమిషానికి ఊపిరి 24 కంటే ఎక్కువ కొట్టుకోవడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, కఫం పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారడం, గొంతు గరగర, లేదంటే నిన్నటికంటే ఎక్కువ మగత, ఇందులో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకి చూపించండి. వయసు మళ్లినవాళ్లకి జ్వరం రాకుండా మగత ఒక్కటే రావచ్చు. ఏళ్ల తరబడి చుట్ట కాల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి ఆక్సిజన్ అంకె వేరుగా ఉంటుంది, 88 నుంచి 92 చాలని డాక్టరు చెప్పొచ్చు, డిశ్చార్జి రోజే ఆ అంకె కాగితం మీద రాయించుకోండి.

ఆక్సిజన్ 90 కిందికి (డాక్టరు వేరే అంకె రాసిచ్చినవాళ్లకి ఆ అంకె కిందికి) పడినా, పెదాలు నీలంగా మారినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా చెకప్ తేదీ కోసం ఆగకండి, 108. ఫోన్లో ముందు చెప్పాల్సింది "మెదడులో రక్తస్రావం అయిన పేషెంటు, ఆక్సిజన్ ఇంత ఉంది, ట్యూబ్ ఉంది" అని. ఆ తర్వాత ఊరు, వీధి, గుడి గుర్తు. తల ఎత్తి ఉంచి, వాంతి వస్తుంటే పక్కకి తిప్పి, గొట్టంలో ఏమీ పోయకుండా, డిశ్చార్జి కాగితాలూ స్కాన్ సీడీ సంచిలో పెట్టుకుని బండి కోసం చూడండి.